ఆక్సోలోటల్ ట్యాంకులో నత్తలు పడితే

ఆక్సోలోటల్ అంటే జీవితమంతా నీళ్లలోనే గడిపే ఒక ఉభయచర జీవి, సాలమాండర్ రకం. దాని ట్యాంకులో నత్తలు కనబడగానే షాపుకి పరిగెత్తి నత్తల మందు తెచ్చి పొయ్యకండి. ముందు చెప్పాల్సిన మాట ఇదే. ఆ మందుల్లో చాలావాటి బలమంతా రాగి లవణాలదే. నత్తను చంపే రాగి ఆక్సోలోటల్‌నీ వదలదు. దానికి చేపలకున్నట్టు పొలుసులు లేవు. తలకి రెండు పక్కలా బయటికే ఉన్న మొప్పలతోనూ, పల్చటి చర్మంతోనూ నీళ్లలోని ఆక్సిజన్ పీల్చుకుంటుంది. నీళ్లలో ఏది కలిపినా అదే దారిన ఒంట్లోకి పోతుంది. పైగా నత్తలన్నీ ఒకేసారి చస్తే రాళ్ల సందుల్లో కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. నత్తల గొడవ తీరినా అసలు ప్రాణికే ముప్పు వస్తుంది.

బరంపురంలో ఉండే మా చెల్లెలి కొడుక్కి ఈమధ్య ఇదే టెన్షన్ పట్టుకుంది. "మావయ్యా, నేను ఒక్క నత్తని కూడా వెయ్యలేదు, ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అని ఫోన్ చేశాడు. మొక్కలతో వచ్చాయి. విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించిన నీటిమొక్క ఆకు అడుగున గుడ్ల ముద్ద అంటుకుని ఉంటుంది. అదొక రంగులేని జిగురు ముద్ద, మామూలుగా చూస్తే కంటికి ఆనదు. పక్కవాటుగా టార్చి వేసి చూడండి, లోపల వరసగా చుక్కలు కనబడతాయి. ఒక్కో చుక్క ఒక్కో గుడ్డు. ఈ నత్తల్లో చాలావాటికి ఆడా మగా ఒక్క ఒంట్లోనే ఉంటాయి. జత దొరక్కపోయినా గుడ్లు పెట్టగలవు కాబట్టి ట్యాంకు నిండడానికి ఒక్క నత్త చాలు.

వచ్చింది ఏ రకమో తెలిస్తే సగం దిగులు తీరుతుంది. గుల్ల మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు మీ ఎడమచేతి వైపు ఉంటే అది ఫైసా. ఉత్తర అమెరికా నుంచి ప్రపంచమంతా పాకిన చిన్న నత్త, గుల్ల చాలా పల్చన. కుడివైపు వెడల్పుగా తెరుచుకుని ఉంటే లిమ్నియా అయి ఉండొచ్చు. బల్లపరుపుగా చుట్టుకున్న గుల్లయితే రామ్స్‌హార్న్. వీటిలో కొన్ని ఎర్రగా ఉంటాయి, మన రక్తంలో ఉండే హిమోగ్లోబినే వాటి రక్తంలోనూ ఉంది. ఇక సన్నగా పొడుగ్గా, శంకు ఆకారంలో ఉండేది మెలనాయిడిస్. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. దీనికీ మగతోడు అక్కర్లేదు. పగలు ఇసకలో దూరి, రాత్రి బయటికొస్తుంది.

నాకు ఎక్కువ భయం ఈ చివరిదాని గురించే. ఆక్సోలోటల్ నమలదు. నోరు చటుక్కున తెరిచి, ఎదురుగా ఉన్నదాన్ని నీళ్లతో సహా లోపలికి లాగేసుకుంటుంది. పల్చటి గుల్ల ఉన్న బుల్లి ఫైసా సాధారణంగా అరిగిపోతుంది, లేదా బయటికి పోతుంది. గట్టి గుల్ల పేగులో అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే గట్టివాటిని, పెద్దవాటిని ముందు తియ్యాలి. లైట్లు ఆర్పిన కాసేపటికి టార్చితో చూస్తూ చేత్తో ఏరెయ్యడమే మంచి పద్ధతి. కీరదోస ముక్కని చిల్లులున్న చిన్న డబ్బాలో పెట్టి రాత్రంతా ఉంచినా నత్తలు దానిలోకి చేరతాయి, పొద్దున్నే డబ్బాతో సహా తీసెయ్యొచ్చు. నత్తల్ని తినే లోచ్ చేపల్ని మాత్రం తేవద్దు. అవి మొప్పల్ని కొరుకుతాయి.

అయితే ఎంత ఏరినా మళ్లీ పుడుతున్నాయంటే తిండి మిగులుతోందన్నమాట. నత్త గాలి తిని బతకదు. అడుగున పడిన వానపాము ముక్క, మలం, అద్దం మీది పాచి, ఇవే దాని ఆహారం. ఎదిగిన ఆక్సోలోటల్‌కి రెండు మూడు రోజులకోసారి తిండి పెడితే చాలు, మనం ముద్దుకొద్దీ రోజూ పెడతాం. మిగిలినది అరగంటలో పెద్ద సిరంజితో లాగేస్తే నత్తలు వాటంతటవే పల్చబడతాయి. నీళ్ల వేడి కూడా చూసుకోవాలి. ఆక్సోలోటల్‌కి 16 నుంచి 18 డిగ్రీలు హాయి, 24 దాటితే కష్టం. వేడెక్కిన నీళ్లలో నత్తలు జోరుగా పెరుగుతాయి. సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో ఈ చల్లదనం కాస్త తేలిక. బరంపురంలో సముద్రపు గాలి తేమకి ఫ్యాను పెట్టినా నీరు సరిగ్గా ఆవిరి కాదు, కాబట్టి చల్లబడదు. అక్కడ వేసవిలో చిల్లర్ (నీళ్లని చల్లబరిచే యంత్రం) లేకుండా ఈ జీవిని పెంచడం దాన్ని బాధపెట్టడమే.

కొత్త మొక్కల్ని నెల్లాళ్లు వేరే బకెట్‌లో ఉంచండి, గుడ్లుంటే అక్కడే పొదుగుతాయి. పటిక నీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి, బాగా కడిగి వేసేవాళ్లూ ఉన్నారు. మన చెరువుల్లోంచి మొక్క పీక్కొచ్చి మాత్రం వెయ్యకండి. పశువుల కాలేయంలో చేరే జలగపురుగు లిమ్నియా నత్తల్లోనే పెరుగుతుంది. వరిమళ్లలో దిగినప్పుడు కాళ్లకి పట్టే దురదకి కారణమయ్యే పురుగుల్ని మోసేది మన రామ్స్‌హార్న్. ట్యాంకులోనే గుడ్డు పగిలి పుట్టిన నత్తకి ఆ పురుగులు ఉండవు, ఎందుకంటే అవి పశువుల నుంచో పక్షుల నుంచో రావాలి.

ఏరిన నత్తల్ని ఏం చెయ్యాలన్నదే నా అసలు పట్టుదల. వాటిని కాలవలో పారబొయ్యకండి. ఆక్సోలోటల్ సొంత ఊరు మెక్సికో నగరంలోని సోచిమిల్కో కాలవలు. 1998లో అక్కడ చదరపు కిలోమీటరుకి సుమారు 6,000 ఉండేవని లెక్కగట్టారు, 2014 నాటికి అవి 36కి పడిపోయాయి. మురికితో పాటు, తిండి కోసమని మనుషులు తెచ్చి వదిలిన కార్ప్, తిలాపియా చేపలు దాని గుడ్లనీ పిల్లల్నీ తినేశాయి. బయటి ప్రాణిని కొత్త నీళ్లలో వదిలితే ఏమవుతుందో మన ట్యాంకులోని జీవి చరిత్రే చెబుతోంది. నాగావళిలోకో, ఊరి చెరువులోకో ఒక గుడ్ల ముద్ద పోయినా వెనక్కి తీసుకోలేం.

నత్తల్ని ఒక కవర్లో కట్టి రెండు రోజులు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత మట్టిలో పాతెయ్యండి. పీకేసిన మొక్కల్ని ఎండలో ఫెళఫెళలాడేలా ఎండబెట్టండి. మార్చిన నీళ్లని డ్రైనేజీలో వదలకుండా పల్చటి గుడ్డలో వడకట్టి, పెరట్లో అరటిచెట్టు మొదట్లో పొయ్యండి. ఆ నీళ్లలోని నైట్రేటు చెట్టుకి ఎరువవుతుంది.