నీలం మాత్ర, పొడి డబ్బా

మర్రిగూడ,
ఆదివారం

చిరంజీవులు చిట్టికి, బాబుకు నానమ్మ ఆశీస్సులు.

బడిలో ఇచ్చే నీలం మాత్రను చిట్టి కిటికీలోంచి విసిరేస్తోందని, ప్రొటీన్ పొడి డబ్బా కొనమని బాబు పట్టుబట్టాడని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి మాత్రలు పంచినదాన్ని. నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఊరికే ఇచ్చేది పారేస్తారు, వేలు పోయాల్సిన దానికి ఆశపడతారు!

చిట్టీ, ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. వారానికి ఒక్కటే. నెలనెలా రక్తం పోయే వయసులో తిండిలోని ఇనుము చాలామందికి సరిపోదు. మలం నల్లగా వచ్చిందని భయపడ్డావట. ఒంటికి పట్టని ఇనుము అలా పోతుంది, అంతే. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకో. చాయ్‌తో మాత్రం వద్దు, అది ఇనుమును పట్టనివ్వదు. నిమ్మరసమో, ఉసిరికాయో తోడైతే బాగా పడుతుంది. మీ తాత అన్ని మాత్రలూ చాయ్‌తోనే మింగుతారు, ఆయన్ని చూసి నేర్చుకోకు.

బాబూ, యాభై కిలోల నీకు రోజుకు 45 గ్రాముల ప్రొటీన్ చాలు. లెక్క వేద్దామా? వంద గ్రాముల జొన్నపిండి రొట్టెల్లో 10, యాభై గ్రాముల కందిపప్పులో 11, గుడ్డులో 6, గుప్పెడు పల్లీల్లో 7, గ్లాసు పాలలో 6. అప్పుడే నలభై అయింది, అన్నం ఇంకా లెక్కలోకే రాలేదు. ప్రొటీన్‌లో ఒక భాగమైన లైసిన్ జొన్నల్లో తక్కువ, ఆ లోటును పప్పు పూడుస్తుంది. రొట్టె, పప్పు కలిపి తినే మన పెద్దలకు ఆ పేరు తెలియదు.

మీ అత్తకు బి12 విటమిన్ సూది ఎందుకంటావా? ఆ విటమిన్ ముఖ్యంగా దొరికే గుడ్డు, మాంసం ఆమె ముట్టదు, పాలు పడవు. రక్తపరీక్షలో తక్కువని తేలాకే డాక్టరు రాశారు.

పోషకాలు ఎక్కువైతే నష్టమేమిటని అడిగావట. సి విటమిన్ చాలావరకు మూత్రంలో పోతుంది, కానీ ఏ, డి ఒంట్లోనే పేరుకుంటాయి. ఎక్కువ సంగతి మన ఊరి పాత బోర్లను అడుగు. నీళ్లలో కొద్దిపాటి ఫ్లోరైడ్ పళ్లకు మేలే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. మన వీధిలో నడుము వంగిపోయిన పెద్దవాళ్లను చూశావు కదా, వాళ్లు తాగింది నీళ్లే.

దసరాకు రండి, నువ్వుల ముద్దలు చేసి ఉంచుతాను. మీ అమ్మ వాడే ఐరన్ మాత్రల సీసాను చంటివాడికి అందకుండా పైన పెట్టమని ఆమెకు చెప్పండి. మిఠాయి అనుకుని నాలుగు నమిలితే ఆ ఇనుమే వాడికి విషం.

మీ నానమ్మ