దత్తతకు డాక్టర్ సర్టిఫికెట్: ఆ ఒక్క లైను ఎక్కడి నుంచి వచ్చింది?

మా పిన్ని కూతురు, బావ దత్తతకు రిజిస్టర్ చేసుకున్నారు. పాన్ కార్డు, ఆదాయం పత్రం, పెళ్లి సర్టిఫికెట్ ఒక్క రోజులో సర్దేశారు. ఆగిపోయింది డాక్టర్ దగ్గరే. దీర్ఘకాలిక వ్యాధి, అంటువ్యాధి, ప్రాణాంతక వ్యాధి ఏవీ లేవని, దత్తతకు అర్హులేనని ఆయన రాసివ్వాలి. చెల్లి పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. లెటర్‌హెడ్ మీద పేరు, వయసు రాసి, 'దీర్ఘకాలిక' దగ్గరకొచ్చేసరికి డాక్టర్ పెన్ను పక్కన పెట్టేశారు.

1956 నాటి హిందూ దత్తత చట్టంలో ఈ చిక్కు లేదు. ఆరోగ్యం విషయంలో అది అడిగింది మతిస్థిమితం ఒక్కటే. అన్న బిడ్డను తమ్ముడు పెంచుకునే చోట అది చాలు. ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి శిశుగృహం నుంచి బిడ్డనిచ్చేటప్పుడు మాత్రం చాలదు. విదేశాలకు దత్తత పేరుతో జరుగుతున్న అక్రమాల మీద లాయరు లక్ష్మీకాంత్ పాండే 1982లో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాస్తే, 1984లో జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పు, విదేశీ దంపతుల గురించి హోమ్ స్టడీ రిపోర్టులో, అంటే సోషల్ వర్కర్ వాళ్ల ఇల్లూ పరిస్థితీ చూసి రాసే నివేదికలో, ఏమేం ఉండాలో వరసగా చెప్పింది. ఆరోగ్య వివరాలు అందులో ఉన్నాయి. తర్వాత 1990లో దత్తతల్ని పర్యవేక్షించే కేంద్ర సంస్థ కారా ఏర్పడింది. 2015లో ఇలాంటి దత్తతలకూ వర్తించే కొత్త జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్ అయింది, డాక్టర్ సర్టిఫికెట్ స్కాన్ చేసి ఎక్కించే ఫైలుగా మారింది.

తనిఖీ వద్దని నేను అనను. 1999లో, 2001లో మన తండాల నుంచి ఆడపసికందుల్ని కొని దత్తత పేరుతో అమ్ముకున్న ఉదంతాలు బయటపడ్డాయి కదా, ఎవరికైనా గుండె మండుతుంది.

నా బాధ ఆ 'దీర్ఘకాలిక' అన్న మాటతోనే. 2022 దత్తత నిబంధనల్లో అర్హత గురించి చెప్పిన చోట 'ప్రాణాపాయం కలిగించే జబ్బు ఉండకూడదు' అని ఉంది. పత్రాల జాబితాకు వచ్చేసరికి 'దీర్ఘకాలిక' వచ్చి చేరింది. రెండింటికీ ఎంత తేడా! బీపీ, షుగర్, థైరాయిడ్ అన్నీ దీర్ఘకాలికమే, మరి నలభై దాటినవాళ్లలో ఎంతమందికి ఆ సర్టిఫికెట్ నిజాయితీగా ఇవ్వగలరు? సంతకం చేస్తే అబద్ధం, చేయకపోతే ఆ ఇంటికి బిడ్డ రాదు. అన్యాయం కాదా ఇది?

చివరికి వేరే డాక్టర్ జబ్బు పేరు దాచకుండా రాశారు. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎప్పటి నుంచో రాసి, రక్తపరీక్ష రిపోర్టు జతచేసి, 'మందుతో అదుపులో ఉంది, బిడ్డను పెంచడానికి అడ్డంకి కాదు' అన్నారు. హోమ్ స్టడీకి వచ్చిన సోషల్ వర్కర్ ఆ కాగితం రెండుసార్లు చదివి, మాత్ర రోజూ గుర్తుగా వేసుకుంటావా అమ్మా అని మాత్రం అడిగారు.