ట్రంపెట్ నాదం చివరి వరుసకు చేరాలంటే: అపోహలు - వాస్తవాలు

అమలాపురం చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల్లో ఇరవై ఏళ్లుగా ట్రంపెట్ వాయిస్తున్నాను. అప్పుడప్పుడు రాజమహేంద్రవరంలో హాలు కచేరీలకూ పిలుస్తారు. వీధిలో నేర్చిన అలవాట్లు అక్కడ ఎలా ఎదురు తిరుగుతాయో అనుభవించి తెలుసుకున్నవాణ్ణి.

అపోహ: ఎంత గట్టిగా ఊదితే అంత దూరం వినిపిస్తుంది.

డప్పులు, టపాసులు, జనరేటరు మోతల మధ్య ఊదీ ఊదీ ఏర్పడిన నమ్మకం ఇది. ఒక స్వరం ఊదితే దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యంతో సన్నని స్వరాలు కూడా వెంట పుడతాయి. వీటిని అతిస్వరాలంటారు. మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్‌జ్ మధ్య శబ్దాలను బాగా పట్టుకుంటుంది. అక్కడ పడే అతిస్వరాలే నాదాన్ని దూరానికి మోసుకుపోతాయి. గట్టిగా ఊదితే అవి పెరిగే మాట నిజమే. కానీ మౌత్‌పీస్‌ను పెదవులకు అదిమిపెట్టి ఊదితే పెదవుల కంపనం బిగుసుకుపోయి పలచటి అరుపు మిగులుతుంది. కావలసింది నిలకడగా సాగే గాలి. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు మొదట ట్రంపెట్ ఇవ్వను. అరచేతంత కాగితం ముక్కను గోడకు ఆనించి, జానెడు దూరం నుంచి ఊది, అది జారిపోకుండా నిలబెట్టమంటాను. కాగితం వణికిందంటే గాలి తడబడినట్టే.

అపోహ: బుగ్గలు ఉబ్బితేనే దమ్ము ఉన్నట్టు.

అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిల్లెస్పీ అలా ఊది మహా విద్వాంసుడయ్యాడు. ఆయన సంగతి వేరు, మీరు ప్రయత్నించకండి.

అపోహ: కాలువ అవతలి గట్టుకు వినిపించింది, హాల్లో ఇబ్బందేముంది?

తెల్లవారుజామున నీటి మీది గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరం వెళ్తుంది. ఆ గొప్ప మీది కాదు, కాలువది. హాల్లోనేమో నిండా కూర్చున్న జనం ఒంటి మీది బట్టలు అతిస్వరాలను మింగేస్తాయి. ఖాళీ హాల్లో రిహార్సల్ చేసి మురిసిపోయి, సాయంత్రం నేనూ భంగపడ్డాను.

ఇంకొకటి. అతిస్వరాలు బెల్, అంటే ట్రంపెట్ చివరి వెడల్పాటి మూతి, చూస్తున్న వైపే సూటిగా పోతాయి. స్టాండు మీది నొటేషన్ కాగితం చూస్తూ తల వంచి ఊదితే అవన్నీ స్టాండుకే తగులుతాయి. స్టాండు కిందికి దించి, బెల్‌ను దాని పైనుంచి చివరి వరుస వైపు తిప్పండి.

ఏసీలో చల్లబడిన ట్రంపెట్‌కు శ్రుతి దిగుతుంది. వేదిక ఎక్కే ముందు మౌత్‌పీస్‌లోకి చప్పుడు రాకుండా వెచ్చని గాలి ఊదుతూ కూర్చోండి.