పొలానికి ఆదివారం తెలియదు

పిల్లలూ,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీలో చిన్నది నన్నొక ప్రశ్న అడిగింది. “అమ్మమ్మా, ఇవాళ ఆదివారం కదా, పొలానికెందుకు? రేపు వెళ్తే ఏమవుతుంది?” అప్పటికే నేను కొంగు దోపుకుని గడప దాటుతున్నాను. వచ్చాక చెప్తాలే అన్నాను. వచ్చేసరికి అది నిద్రపోయింది. మర్నాడు పొద్దున్నే మీరంతా బస్సెక్కేశారు. జవాబు బాకీ పడిపోయాను. ఇప్పుడు తీరుస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. టెన్షన్ పడకండి, చివర్లో పరీక్షేమీ పెట్టను.

రేపు వెళ్తే ఏమవుతుందంటే, ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి నెలల కష్టం పోతుంది. ఇవాళ ఆ రెండింట్లో ఏ రోజో తెలుసుకోవడమే సేద్యంలో సగం పని. దాన్ని మేం అదను అంటాం.

వాన వెలిసిన తరవాత మా నాన్న పొలంలోకి దిగగానే నాగలి పట్టేవాడు కాదు. వంగి, పైమట్టి పక్కకు తోసి, జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసేవాడు. అరచేతిలో గట్టిగా నొక్కి ముద్ద చేసేవాడు. నడుమెత్తు నుంచి దాన్ని కిందికి వదిలేవాడు. ముద్ద నేలకు తగిలి పిడకలా అతుక్కుపోతే తడి ఇంకా ఎక్కువుందని అర్థం. చేతిలో ముద్దే కట్టకుండా పొడిగా రాలిపోతే అప్పటికే ఆలస్యమైనట్టు. ముద్ద కట్టి, కింద పడగానే పలుకులు పలుకులుగా విడిపోతే అదీ పదును. అప్పుడిక మాటల్లేవు, ఇంటికి కేకే. తడి నేలను దున్నితే మట్టి రేణువుల మధ్య గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. ఎండాక పెళ్లలు ఇటుకల్లా తేలతాయి, వాటిలోకి వేరు దూరలేదు. ఆరిపోయాక దున్నితే పెద్ద పెద్ద గడ్డలు లేచి, గింజకు చెమ్మ అందదు. ఈ రెండింటికీ మధ్య దొరికేవి కొద్ది రోజులు. ఎండ చురుగ్గా ఉంటే అవీ ఉండవు. ఆ రోజుల్లో ఆదివారం పడితే ఆదివారమే వెళ్లాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వాన మా ఒక్కరి పొలంలోనే పడదు కదా. ఊళ్లో అందరికీ ఒకేసారి పదును వస్తుంది. అందరికీ అదే రోజు మనుషులు కావాలి, ఎద్దులు కావాలి, ట్రాక్టరు కావాలి. వరి నాట్లప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నారుమడిలో నారు మామూలుగా మూడు నాలుగు వారాలు పెరగ్గానే పీకి నాటాలి. అంతకంటే ముదిరితే నాటాక మొదట్లోంచి పుట్టుకొచ్చే కొత్త కాడలు, అంటే పిలకలు, తగ్గిపోతాయి. పిలకలు తగ్గితే కంకులు తగ్గుతాయి. ఇంట్లో ఉన్న ఇద్దరో ముగ్గురో నింపాదిగా నాటుకుంటూ పోతే, ఆఖరి మడికి వచ్చేసరికి చేతిలో ఉన్నది ముదురు నారే. 

అందుకని బదులు అనే ఏర్పాటు ఉండేది. ఇవాళ మీ పొలంలో మేం నాటుతాం, ఎల్లుండి మా పొలంలోకి మీరు రండి. డబ్బు ప్రస్తావన లేదు, కాగితం లేదు. కాగితం లేదంటే లెక్క లేదనుకునేరు! మా అమ్మ తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. మేం ఒకరికి వెళ్లిన రోజుకు నిలువు గీత. వాళ్లు మాకు వచ్చిన రోజున దాని మీద అడ్డగీత. అడ్డగీత పడని నిలువు గీత కనిపిస్తే ఆ రోజు మనకింకా రావాలి. గోడకు సున్నం వేసేటప్పుడు కూడా ఆ జానెడు చోటు వదిలేసేవాళ్లం. చదువు రాని మనిషి. ఆవిడ లెక్క తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు.

దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల రైతులు ఇలాంటి దాన్నే ఐని అంటారు. జపాన్ పల్లెల్లో యుయి అనేవారు. ఫిన్లాండ్‌లో కలిసి చేసే పనికి తల్కోత్ అని పేరు. ఒకరి మాట ఒకరికి తెలియని ఇన్ని చోట్ల ఒకే ఆలోచన ఎలా తట్టిందా అని మొదట్లో ఆశ్చర్యపోయాను. వాళ్ల మబ్బులూ వాళ్ల మంచూ వాళ్లనీ అలాగే తరిమి ఉంటాయి. 

అలాగని పాతకాలమంతా బంగారమని మీతో చెప్పను. బదులుకు బదులు ఇవ్వాలంటే మనకూ ఒక పొలం ఉండాలి. పొలం లేనివాళ్లకు కూలి తప్ప బదులు లేదు. ఇంట్లో పనిచేసే రెండో మనిషి లేని ఆడవాళ్లను ఎవరూ ముందుగా పిలిచేవాళ్లు కాదు. వాళ్ల మడి ఎప్పుడూ చివరికే వచ్చేది, అంటే నారు ముదిరాకే.

నాటడం చూసినప్పుడు మీరు ఒకటి గమనించారో లేదో, అందరూ వెనక్కి నడుస్తారు. ముందుకు నడిస్తే నాటిన మొక్కను తొక్కేస్తాం. ఎడం చేతిలో నారుకట్ట, కుడిచేతి మూడు వేళ్లతో రెండు మూడు మొక్కలు తీసి బురదలో పైపైనే గుచ్చాలి. లోతుగా దిగితే మొక్క తేరుకోవడానికి టైమ్ పట్టి పిలకలు సరిగా రావు. ఇది చెప్పినంత సులువు కాదు. మధ్యాహ్నానికి నడుము మనది కాదనిపిస్తుంది. సాయంత్రానికి గోళ్ల సందులు నానిపోయి, కొంగుతో తుడుచుకున్నా మండేవి. 

నారు వయసు గురించి చెప్పాను కదా, దాని మీద ఒక కథ ఉంది. మడగాస్కర్‌లో ఆన్రీ ద లొలానియే అని ఒక ఫ్రెంచి మతగురువు చాలా ఏళ్లు అక్కడి రైతులతో కలిసి వరి మీద ప్రయోగాలు చేశాడు. 1983లో వానలు ముఖం చాటేసి, అక్కడ మామూలుగా నాటే నారుకంటే బాగా లేతది, 15 రోజులదే నాటాల్సి వచ్చింది. ఆ ఏడు పంట ఆశ వదులుకోవాల్సిందే అనుకున్నారు. తీరా చూస్తే ఆ లేత నారుకు పిలకలు గుబురుగా వచ్చాయి. లేత మొక్కల్ని ఒక్కొక్కటిగా దూరం దూరంగా, మడిలో నీళ్లు నిలవకుండా పెంచే పద్ధతి అలా మొదలై చాలా దేశాలకు పాకింది. మనవాళ్లు శ్రీ వరి అంటారే, అదే. అదను మాకు కంఠతా వచ్చు అనుకునే నాలాంటి ముసలివాళ్లకు ఈ కథ కొంచెం చురుక్కుమంటుంది. 

ఇక నీళ్ల సంగతి. కాలవలో నీళ్లు అందరికీ ఒకేసారి సరిపోవు కాబట్టి వంతులుంటాయి. నాకు పన్నెండేళ్లప్పుడు ఒకసారి మా వంతు అర్ధరాత్రి పడింది. నాన్నకు లాంతరు పట్టుకోవడానికి నేను వెళ్లాను. ఆయన కాలవ నీళ్లు వదిలే దారి, అంటే మడవ, మా మడిలోకి తిప్పి, బురదలో ఒక పుల్ల గుచ్చి, “నీళ్లు ఈ పుల్లను ముంచగానే నన్ను కేకెయ్” అని పై మడి చూడ్డానికి వెళ్లాడు. నేను గట్టు మీద కూర్చున్నాను. కప్పలు ఒకటే గోల. కాళ్లకు చల్లగా తగిలి ఉలిక్కిపడి లేచేసరికి పుల్ల లేదు. గట్టు ఒకచోట కరిగిపోయి గండి పడింది. నీళ్లన్నీ పక్కవాళ్ల నారుమడిలోకి పోతున్నాయి. వాళ్లు ఆ ముందురోజే మొలకెత్తిన గింజలు చల్లారు.

నేను దోసిళ్లతో మట్టి ఎత్తి గండిలో పోశాను. పోసింది పోసినట్టే కొట్టుకుపోయింది. నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు కానీ గండి దగ్గర ఆగలేదు. నేరుగా వెళ్లి పైన మడవ మూశాడు. నీటి వేగం తగ్గాక ఎండుగడ్డి చుట్ట చుట్టి గండికి అడ్డంగా పెట్టి కాలితో తొక్కి, అప్పుడు దాని మీద మట్టి వేశాడు. నిలబడింది. తెల్లారి చూస్తే పక్కవాళ్ల గింజలన్నీ మడిలో ఒక మూలకు చేరి తెట్టులా ఉన్నాయి. పక్కాయన వచ్చి చాలాసేపు గట్టు మీద నిలబడ్డాడు. “అమ్మాయి కునుకు తీసిందా?” అన్నాడు అంతే. నాట్ల సమయానికి మా నారులోంచి వాళ్లకు కావాల్సినన్ని కట్టలు నాన్నే మోసుకెళ్లి ఇచ్చాడు. మాకు నారు చాలక ఒక మడి ఖాళీగా ఉండిపోయింది. ఆ పంటకాలమంతా నేను ఆ మడి వైపు చూడకుండా నడిచాను.

స్పెయిన్‌లో వాలెన్సియా అని ఊరుంది. అక్కడైతే నా గండి పంచాయితీకి వెళ్లేదే! ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు పెద్ద చర్చి వాకిట్లో 8 కాలవల రైతులు ఎన్నుకున్న మనుషులు నల్ల అంగీలు వేసుకుని కూర్చుంటారు. లాయర్లుండరు. వంతు తప్పి నీళ్లు తీసుకున్నా, పక్కవాడి పొలం ముంచినా నోటిమాటగానే విచారించి అక్కడికక్కడే తీర్పు చెప్తారు. కొన్ని వందల ఏళ్లుగా నడుస్తున్న ఈ ఏర్పాటును 2009లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. సరిగ్గా అదే ఏడాది ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. నీళ్లు, అడవులు, చేపల చెరువుల్లాంటి ఉమ్మడి ఆస్తుల్ని జనం తమలో తాము నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని ఆవిడ ఊళ్లు తిరిగి చూసి రాసింది. అంతకుముందు చాలామంది పండితులు అది జరిగే పని కాదనేవారట. మా కాలవ గట్టు మీద ఒక్క రాత్రి కూర్చుంటే వాళ్లకే తెలిసేది, నాలాగా నిద్రపోకపోతే!

బాలి ద్వీపం రైతులది ఇంకా తెలివైన ఏర్పాటు. కొండవాలులో మడులు మెట్లు మెట్లుగా ఉంటాయి. పైవాడు నీళ్లన్నీ ఆపేస్తే కిందివాడికి రావు. అలాంటప్పుడు పైవాడు కిందివాడి మాట ఎందుకు వినాలి? పురుగు కోసం. ఒక్కొక్కరు ఒక్కో టైమ్‌లో నాటితే పురుగుకు ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పచ్చని వరి దొరుకుతుంది. చుట్టుపక్కల అందరూ ఒకేసారి నాటి ఒకేసారి కోసి నేలను ఖాళీగా ఉంచితే పురుగుకు తిండి ఉండదు. కానీ మరీ అందరూ ఒకేసారి నాటితే నీళ్లు చాలవు. ఎంతమంది కలిసి నాటాలి, ఎవరు ఎప్పుడు ఆగాలి అన్నది సుబక్ అనే రైతు సంఘాలు గుడి దగ్గర కూర్చుని తేల్చుకుంటాయి. 1970లలో ప్రభుత్వం కొత్త వంగడాలిచ్చి, వంతులు పక్కన పెట్టి వీలైనన్ని పంటలు వేయమంది. నీళ్లు చాలలేదు, పురుగులూ ఎలుకలూ తెగుళ్లూ చెలరేగిపోయాయి. చివరికి రైతులు మళ్లీ పాత వరసకే వచ్చారు. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ పరిశోధకుడు దీన్నంతా కంప్యూటర్‌లో లెక్కగట్టి, గుడి వరసే సరైనదని చూపించాడు. 2012లో ఈ సుబక్ మడులు ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి.

మీలో పెద్దవాడు ఒకటి అడిగాడు, చిన్నప్పుడు మేం కూడా పని చేశామా అని. చేశాం. గింజ పాలు పోసుకునే రోజుల్లో పిట్టలు తోలడానికి మంచె ఎక్కడమంటే మాకు ఆటే. కానీ ఆ ఆట కోసం బడి మానేసేవాళ్లం. స్కాట్లాండ్‌లో బడులకు అక్టోబరులో ఇచ్చే సెలవుల్ని ఇప్పటికీ బంగాళాదుంపల సెలవులంటారు. దుంపలు తవ్వే అదనుకు పిల్లలు కావాల్సొచ్చి పెట్టిన పేరది. వాళ్లకు బడే సెలవిచ్చింది, మాకు బడి ఆగలేదు. నా పక్కన కూర్చునే పిల్ల ఒక పంటకాలమంతా రాలేదు, తరవాత ఇంక రానేలేదు. 2020 అంచనా ప్రకారం ప్రపంచంలో బాలకార్మికులు 16 కోట్ల మంది. వాళ్లలో ప్రతి పదిమందికి ఏడుగురు అప్పట్లో వ్యవసాయంలోనే ఉండేవారు. మంచె గురించి నేను ముచ్చటగా చెప్పినప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోండి. 

కోతల గురించి పెద్దగా చెప్పను, అది మీరు చూశారు. చేలో నాలుగు గింజలు వలిచి పంటికింద వేసుకుంటానే, అది తినడానికి కాదు. కోసేటప్పుడు వడ్లలో తేమ 20, 25 శాతం దాకా ఉంటుంది. నిల్వ చేయాలంటే 14 శాతానికి దిగాలి, లేకపోతే బూజు పడుతుంది, పురుగు పడుతుంది. సరిగా ఎండిన గింజ పంటికింద కటుక్కుమంటుంది. పచ్చిది నలుగుతుంది. ఇప్పుడు తేమ కొలిచే మీటర్లొచ్చాయి. నేను ముందు కొరికి, తరవాత మీటరు చూస్తాను. సరిపోతే ఆ రోజంతా నాకు గర్వం.

కోత మిషను వచ్చాక బదుళ్లు పోయాయి. నడుములు బతికాయి, దానికి నేను మిషనుకు దణ్ణం పెడతాను. కోతకూలి మీద బతికేవాళ్లకు మాత్రం ఆ పది రోజుల సంపాదన పోయింది. మిషనుకు కూడా వంతే. ఊరంతా ఒకేసారి పండుతుంది, మిషన్లు రెండో మూడో ఉంటాయి. మబ్బు పట్టిందంటే అందరూ ఫోన్లు చేతిలో పట్టుకుని గట్ల మీద నిలబడతారు. పండిన చేను వానకు పడిపోతే మిషను సరిగా కొయ్యలేదు, గింజ కంకి మీదే మొలకెత్తుతుంది. ఆ ఆదివారం మాకు మిషను వంతు మధ్యాహ్నం వచ్చింది. రేపంటే ఇంకో నాలుగు రోజులకు గానీ రాదు. అందుకమ్మా వెళ్లింది.

ఇంకా రాద్దామనుకున్నాను కానీ పడమర నల్లగా కమ్ముకొస్తోంది. పక్కింటివాళ్లు వాకిట్లో వడ్లు ఆరబోసి ఎక్కడికో వెళ్లారు. పరదా కప్పొస్తాను.

మీ అమ్మమ్మ