జ్వరం పోయినా రిపోర్టు పాజిటివే!

2022 జనవరిలో కరోనా కొత్త రకం ఒమిక్రాన్ ఊరంతా చుట్టబెట్టినప్పుడు విశాఖలో చాలా ఇళ్లలో ఒకటే కంగారు. అమెరికాలో అమ్మాయికి నెలలు నిండాయి, పురుడు పోయడానికి తల్లి వెళ్లాలి, టికెట్టు ఎప్పుడో కొన్నారు. సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ జ్వరం వచ్చింది, నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. ఆవిడ మళ్లీ మామూలుగా వంట చేసుకుంటోంది, సాయంత్రం డాబా మీద నడుస్తోంది. అప్పట్లో అమెరికా విమానం ఎక్కాలంటే కరోనా నెగెటివ్ రిపోర్టు కావాలి. ప్రయాణం దగ్గరపడి ఆర్టీపీసీఆర్ టెస్టు చేయిస్తే మాత్రం పాజిటివ్. వారం ఆగి చేయించినా పాజిటివే. "ఇంకా తగ్గలేదా నాకు?" అని ఆ తల్లి పడే బాధ చూసినవాళ్లకే తెలుస్తుంది.

తగ్గింది. రిపోర్టూ అబద్ధం కాదు. ఆ టెస్టు చెప్పేది ఒకటి, మనం దాన్ని అడుగుతున్నది వేరొకటి.

ఆర్టీపీసీఆర్ వెతికేది వైరస్‌ని కాదు, వైరస్ జన్యుపదార్థమైన ఆర్ఎన్ఏలోని ఒక చిన్న ముక్కని. కరోనా ఆర్ఎన్ఏ పొడవు సుమారు 30 వేల జన్యు అక్షరాలు. అందులో వంద అక్షరాలు అటూ ఇటూగా ఉండే ఒకటి రెండు చోట్లనే టెస్టు పట్టుకుంటుంది. ముందు ఆ ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చి, తర్వాత ఒక్కో సైకిల్‌కి రెట్టింపు చేసుకుంటూ పోతుంది. 10 సైకిళ్లకు 1,024 రెట్లు, 20 సైకిళ్లకు పది లక్షలు, 40 సైకిళ్లకు లక్ష కోట్లు దాటుతుంది. 1983లో ఈ పద్ధతిని ఊహించిన అమెరికా శాస్త్రవేత్త కేరీ ముల్లిస్‌కి పదేళ్ల తర్వాత నోబెల్ వచ్చిందంటే ఆశ్చర్యమేముంది! మన విశాఖ పెదగంట్యాడ దగ్గర వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్‌లో 2020లో తయారైన కిట్లు చేసిందీ ఇదే పని.

ఇంత సూక్ష్మంగా చూసే టెస్టుకి విరిగిన ముక్కయినా చాలు. ఒంట్లో రోగనిరోధక శక్తి వైరస్‌ని చంపేశాక కూడా దాని ఆర్ఎన్ఏ శకలాలు ముక్కు, గొంతు లోపలి పొరల్లో వారాల తరబడి ఉంటాయి. ఆ కణాలు రాలిపోయేకొద్దీ అవీ పోతాయి. దీపావళి మర్నాడు వీధిలో పడివున్న టపాకాయల కాగితాలు చూస్తే రాత్రి ఇక్కడ పేల్చారని తెలుస్తుంది, కానీ అవి మళ్లీ పేలవు. స్వల్ప లక్షణాలతో తగ్గినవాళ్లలో ఇంకొకరికి సోకగల వైరస్ 10 రోజుల తర్వాత దొరకడం అరుదు. జబ్బు తీవ్రంగా చేసినవాళ్లకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకి ఇంకా ఎక్కువ రోజులు పట్టొచ్చు. ఆర్ఎన్ఏ ఆనవాళ్లు మాత్రం కొందరిలో మూడు నెలల దాకా కనిపిస్తాయి.

దీన్ని మొదట్లోనే గట్టిగా తేల్చింది దక్షిణ కొరియా. తగ్గి ఇంటికెళ్లాక మళ్లీ పాజిటివ్ వచ్చిన 285 మందిని, వాళ్లతో మెలిగిన 790 మందిని అక్కడి అధికారులు పరిశీలించారు. వీళ్ల వల్లే అంటుకుందని చెప్పదగ్గ కేసు ఒక్కటీ తేలలేదు. 108 మంది శాంపిళ్లను కల్చర్ చేస్తే, అంటే ల్యాబ్‌లో వైరస్‌ని పెంచి చూస్తే, ఒక్కదాంట్లోనూ బతికున్న వైరస్ పెరగలేదు. ఈ నివేదిక వచ్చింది 2020 మేలో.

మరి రిపోర్టులో సీటీ వాల్యూ చూసి చెప్పేయలేమా అని చాలామంది అడిగేవారు. ఎన్నో సైకిల్‌కి వైరస్ ఆనవాలు బయటపడిందో చెప్పే అంకె అది. అంకె ఎంత చిన్నదైతే శాంపిల్‌లో ఆర్ఎన్ఏ అంత ఎక్కువ. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 35 దాకా పాజిటివ్‌గా లెక్కించమంది. 18 వచ్చిన మనిషికీ, ఆ తల్లిలా 34 వచ్చిన మనిషికీ శాంపిల్‌లోని ఆర్ఎన్ఏలో తేడా లెక్కప్రకారం 65 వేల రెట్లు. అంత తేడా ఉన్నా రిపోర్టు మీద ఇద్దరికీ ఒకే మాట! అయితే ఈ అంకెను గుడ్డిగా నమ్మడానికీ లేదు. స్వాబ్ సరిగ్గా లోపలికి వెళ్లకపోయినా 34 రావచ్చు. పైగా జబ్బు ఇప్పుడే మొదలవుతున్న మనిషికి కూడా 34 రావచ్చు, రెండు రోజుల్లో అదే 20కి దిగుతుంది. వస్తున్న జబ్బా, పోయిన జబ్బా అన్నది ఒక్క అంకె చెప్పలేదు. పాత తేదీతో ఉన్న పాజిటివ్ రిపోర్టు చెప్పగలదు.

అమెరికా నిబంధనలో ఉన్న వెసులుబాటుకి ఆధారం ఇదే. 2021 డిసెంబరు 6 నుంచి బయల్దేరే ముందు ఒక రోజులోపు చేయించిన నెగెటివ్ రిపోర్టు అడిగేవారు. అది లేకపోతే 90 రోజులలోపు వచ్చిన పాజిటివ్ రిపోర్టు, దాంతోపాటు కోలుకున్నారు, ప్రయాణించవచ్చు అని డాక్టరు ఇచ్చిన లెటర్ చాలు. ఐరోపా కూటమి అయితే పాజిటివ్ వచ్చిన 11వ రోజు నుంచి 180 రోజుల వరకు చెల్లేలా కోలుకున్నవాళ్లకి సర్టిఫికెట్టే ఇచ్చింది. విదేశాల నుంచి వచ్చేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపాల్సిన మన ఎయిర్ సువిధ ఫారం 72 గంటలలోపు ఆర్టీపీసీఆర్ నెగెటివ్, తర్వాత టీకా సర్టిఫికెట్ అడిగింది గానీ కోలుకున్నవాళ్లకి ఇలాంటి దారి పెట్టలేదు. పెట్టాల్సింది.

దారి ఉన్నచోట కూడా మనవాళ్లు కాగితాల దగ్గర ఇరుక్కున్నారు. ఆ జనవరిలో చాలామంది ఇంట్లోనే కిట్‌తో చూసుకున్నారు. ఒకరికి వచ్చాక మిగతావాళ్లు అసలు టెస్టే చేయించుకోలేదు. జబ్బు వచ్చి తగ్గింది నిజమే, ఆధారం లేదు. ల్యాబ్‌కి వెళ్లినవాళ్లది ఇంకో తంటా: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, రిపోర్టు మీద పొడి అక్షరమే. పుట్టినతేదీ బదులు వయసు. లెటర్ మీద డాక్టరు సంతకం, తేదీ, చిరునామా, ఫోను నంబరు ఉండాలి. మందుల చీటీ మీద "ఫిట్" అని రాసిస్తే కుదరదు. అందుబాటులో ఉండి చాలామందికి తెలియని దారి ఇంకొకటి: అమెరికా ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టునీ ఒప్పుకుంది. అది వెతికేది వైరస్ ప్రోటీన్‌ని. పీసీఆర్‌లా రెట్టింపులు చేయదు కాబట్టి, సరుకు బాగా ఉంటేనే రెండో గీత పడుతుంది. తగ్గిన మనిషికి పీసీఆర్ కన్నా ఎంతో ముందే ఇది నెగెటివ్ అవుతుంది. ఆర్టీపీసీఆరే గొప్పదన్న మాట ఊరంతా పాకిపోయి, యాంటిజెన్ చాలే చోట కూడా దానికే పరిగెత్తారు.

అమెరికా 2022 జూన్ 12న టెస్టు నిబంధన ఎత్తేసింది. ఎయిర్ సువిధ అదే ఏడాది నవంబరులో పోయింది. ఇప్పుడు చాలా దేశాలు ఏ రిపోర్టూ అడగవు. ఎవరూ అడగకపోయినా మొన్నీమధ్యే కోలుకున్న పెద్దవాళ్లు చూసుకోవాల్సింది ఒకటుంది: విమానం గాలికి ఊపిరితిత్తులు తట్టుకుంటాయా అని. ఎగురుతున్నప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6 నుంచి 8 వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. మన అరకు ఎత్తు 3 వేల అడుగులే. సముద్రమట్టాన ఉండే విశాఖ నుంచి వెళ్లి ఆ పల్చటి గాలిలో 15 గంటలు కూర్చోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే రక్తంలో ఆక్సిజన్ శాతం కొన్ని పాయింట్లు పడుతుంది. న్యుమోనియా దాకా వెళ్లి కోలుకున్నవాళ్లకి ఇంకా పడొచ్చు. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ బీరువాలోంచి తీసి, వేలికి పెట్టుకుని ఆరు నిమిషాలు ఇంట్లోనే నడిచి చూడండి. అంకె 94 కన్నా తగ్గినా, మొదట ఉన్నదానికంటే 3 పాయింట్లకు మించి పడినా, మధ్యలో ఆయాసం వచ్చినా టికెట్టు తేదీ గురించి డాక్టరుతో మాట్లాడండి.