ముంబైలో బావుల గొడవ, ట్యాంకుల మూతలు

ముంబైలో మేడ మీది వాటర్ ట్యాంకుకు గట్టి మూత ఉండాలి, ఎక్కడానికి నిచ్చెన ఉండాలి. అది కార్పొరేషన్ రూలు. నిచ్చెన దోమల ఇన్‌స్పెక్టర్ కోసం. ఈ రూలు వెనక నూరేళ్లు దాటిన గొడవ ఉంది.

మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమ అని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే పట్టుకున్నాడు. అయితే ఊరికో రకం దోమ. బొంబాయిలో ఏ రకం, ఎక్కడ పుడుతోందని వెతికిన డాక్టర్ బెంట్లీ 1911లో రిపోర్టు ఇచ్చాడు. దోషి అనాఫిలిస్ స్టీఫెన్సీ. మురుగు కాలువలు దానికి పెద్దగా పట్టవు, శుభ్రమైన నిలవ నీళ్లే కావాలి. ఇళ్లలో బావులు అందుకు సరిగ్గా సరిపోయాయి.

1860లోనే విహార్ చెరువు నుంచి కుళాయి నీళ్లు వచ్చాయి కాబట్టి బావులు పూడ్చేయండి, లేదా మూసేయండి అన్నారు అధికారులు. జనం ససేమిరా అన్నారు. నీటికి ఎండ తగలకపోతే పూజకు పనికిరాదని పార్సీలు పట్టుబట్టారు; హిందువులకూ తమ అభ్యంతరాలున్నాయి. చివరికి కొన్నిచోట్ల సన్నటి జాలీ వేసి, చేద దించడానికి చిన్న తలుపు పెట్టి రాజీపడ్డారు. ఈ రగడ చూసిన కార్పొరేషన్ అధికారి ఒకాయన బావుల చుట్టూ ఉన్న నమ్మకాలు పోగేసి 1918లో పుస్తకమే వేశాడు. నా లెక్కలో ఆ రాజీయే అసలు విజయం, జనాన్ని కాదని బావి మూస్తే రాత్రికి రాత్రే తెరిచేస్తారు.

ఇళ్లలో బావులు చాలావరకు పోయాయి గానీ కుళాయి రోజూ కొన్ని గంటలే వస్తుంది. దాంతో డ్రమ్ములు, సంపులు, మేడ మీద ట్యాంకులు. దోమకు అడ్రస్ మారిందంతే. లార్వా నీటి పైపొరకు ఆనుకుని పుల్లముక్కలా అడ్డంగా పడుకుంటుంది, గరిటెతో ముంచి వెలుతురులో చూస్తే గానీ కనపడదు. గుడ్డు నుంచి దోమ కావడానికి పది రోజులు చాలు. వారానికోసారి నీళ్లు పారబోయమనేది అందుకే.

దేశమంతా 1958లో మలేరియా నిర్మూలన మొదలైనప్పుడు డీడీటీ బళ్లు పల్లెలకే వెళ్లాయి, పట్టణాలను మున్సిపాలిటీలకు వదిలేశారు. పెద్ద పొరపాటు అదే. 1965లో లక్షకు దిగిన కేసులు 1976కు 64 లక్షలయ్యాయి. పట్టణాలకు విడిగా పథకం 1971లో గానీ రాలేదు. ముంబైలో టవర్లు లేస్తున్న కాలంలో, 2010లో, జ్వరం మళ్లీ విరుచుకుపడింది, నూరు మందికి పైగా పోయారు. స్లాబ్ క్యూరింగ్‌కు కట్టిన నీళ్లలో దోమ పెరుగుతుంది, ఆ పక్కనే రేకుల షెడ్డులో కూలీలు పడుకుంటారు. వాళ్లలో మన పాలమూరు వాళ్లూ ఉంటారు.

ఇదే దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనిపించింది. ఆ ఏడు 27 కేసులున్న చిన్న దేశంలో 2020కల్లా 73 వేలు దాటాయి. తర్వాత ఇథియోపియా, సూడాన్‌లలోనూ బయటపడింది. రాత్రిపూట ఇంట్లో కుట్టే పల్లెటూరి దోమను దృష్టిలో పెట్టుకుని దోమతెరలు పంచిన ఆ దేశాలు ఇప్పుడు టౌన్లలో నీళ్ల ట్యాంకులు తెరిచి చూడటం మొదలుపెట్టాయి.