పొగ రానంత మాత్రాన నిప్పు ఆరినట్టు కాదు

పండగ సెలవులు మొదలయ్యాయంటే నా ఫోన్ ఆగదు. చిమ్నీలు శుభ్రం చేసి, ఫ్లూ, అంటే పొగ పైకి పోయే గొట్టం, తనిఖీ చేసే పని నాది. వంటింట్లో పొయ్యి మీద బిగించేది కాదు మహాప్రభో, ఫైర్‌ప్లేస్ మీది ఇటుకల చిమ్నీ. ఏడాదంతా ఎవరూ తొంగిచూడని ఫైర్‌ప్లేస్‌ని చుట్టాలొచ్చాక వెలిగించాలి కాబట్టి సందేహాలన్నీ ఆ వారంలోనే పుట్టుకొస్తాయి. అందులో ఒక్క అపోహ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మనుషుల ప్రాణాలు తీస్తుంది.

అపోహ: మంట ఆరింది, పొగ రావట్లేదు, ఇక డ్యాంపర్ (ఫ్లూ దారిని మూసే ఇనుప పలక) మూసేస్తే వెచ్చదనం గదిలోనే ఉంటుంది.

వాస్తవం: నివురుగప్పిన నిప్పు అని మాటవరసకు అనేస్తాం గానీ, ఆరిందనుకున్న ఫైర్‌ప్లేస్‌లో ఉండేది అక్షరాలా అదే. మంట పోయాక మిగిలిన బొగ్గులు పొగ లేకుండానే గంటల తరబడి కాలుతుంటాయి, బూడిద కింద గాలి చాలక అరకొరగా కాలుతూ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంటాయి. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, నిద్రలో ఉన్నవాళ్లకి ఏం జరుగుతోందో కూడా తెలియదు. మంట తగ్గేకొద్దీ ఫ్లూ చల్లబడి గాలిని పైకి లాగడం ఎలాగూ తగ్గిపోతుంది, సరిగ్గా ఆ టైంలోనే మనం లేచి వెళ్లి ఉన్న ఆ ఒక్క దారీ మూసేస్తాం!

ఒకసారి డ్యాంపర్ బిగుసుకుపోయింది చూడమంటే పొద్దున్నే ఒక ఇంటికి వెళ్లాను. ఇంట్లో అందరికీ తలనొప్పి, పిల్లకి వాంతులు, జ్వరం మాత్రం ఎవరికీ లేదు. చలికి ఏదో వైరస్ పట్టుకుందనుకున్నారు. "బయట కాసేపు నడిస్తే తగ్గిపోతోంది, లోపలికొస్తే మళ్లీ మొదలు" అంటున్నారు పెద్దాయన. నేనింకా బూట్లు విప్పనేలేదు, జేబులో కార్బన్ మోనాక్సైడ్ మీటర్ మోగడం మొదలెట్టింది. కిటికీలు తెరుస్తూ అందరినీ బయటికి పంపి, ఎమర్జెన్సీకి ఫోన్ చేశాను. ఆస్పత్రిలో చూపించుకున్నారు, అందరూ క్షేమం. తర్వాత తెలిసింది, మనవరాలికి చలేస్తుందని పెద్దాయనే రోజూ రాత్రి డ్యాంపర్ మూస్తున్నారట. "మంట పూర్తిగా ఆరాకే మూశాను బాబూ, ఇంత పొగైనా లేదు" అన్నారు. ఇల్లంతా గాలాడాక ఆయన్ని తీసుకెళ్లి ఇనుప చువ్వతో బూడిద అటూ ఇటూ కదిపాను. పైన తెల్లగా, మెత్తగా, చల్లగా కనపడుతోంది, కింద ఎర్రగా కన్ను తెరిచింది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకూ మనసొప్పలేదు, చలికి భయపడి చేసిన పనే కదా.

అందుకని బూడిద మొత్తం కదిపి చూసి, ఎక్కడా వేడి లేదని తేలాకే డ్యాంపర్ ముట్టుకోండి. అంటే మర్నాటికి ముందు మాత్రం కాదు. రాత్రంతా తెరిచి ఉంచితే గది కొంచెం చల్లబడుతుంది, పడనీయండి, ఇంకో దుప్పటి కప్పుకోండి. పడుకునే ముందు కొత్త దుంగ వేయొద్దు. ఇక "మాకు అలారం ఉందండీ" అని పైకప్పు వైపు చూపిస్తారు చాలామంది. అది పొగ అలారం. బొగ్గులు పొగ వదలవని ఇందాకే చెప్పుకున్నాం, అదెందుకు మోగుతుంది? కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరే ఉంటుంది, పడకగదుల దగ్గర ఒకటి తప్పనిసరి. దాని సెన్సర్‌కీ ఆయుష్షు ఉంటుంది, వెనకాల రాసి ఉన్న తేదీ చూడండి.

ఇది చదివి ఫైర్‌ప్లేస్ జోలికే వెళ్లమని ఇప్పటికే ఒకరిద్దరు అనుకుంటూ ఉంటారు. అంత టెన్షన్ అక్కర్లేదు. డ్యాంపర్ తెరిచి, ఫ్లూ శుభ్రంగా ఉంచుకుంటే హాయిగా వెలిగించుకోవచ్చు.

మిగతావి గబగబా. బంగాళాదుంప తొక్కలు కాలిస్తే చిమ్నీ దానంతటదే శుభ్రమవుతుందని ప్రతి ఏడూ ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది, దయచేసి నాకు పంపకండి. శుభ్రం చేస్తాయని అమ్మే దుంగలు కూడా చిమ్నీ గోడలకి పట్టే తారులాంటి మసిని, అంటే క్రియోసోట్‌ని కాస్త పెళుసు చేస్తాయంతే, బ్రష్ వేయక తప్పదు. పైన్ కట్టె వల్లే క్రియోసోట్ పడుతుందన్నది సగం నిజం కూడా కాదు, అసలు దోషం తడి కట్టెది. తేమ 20 శాతం లోపుంటే ఏ కట్టైనా ఫర్వాలేదు, పచ్చికట్టె అయితే ఎంత ఖరీదైనదైనా గోడలకి తారు పూస్తుంది. గిఫ్టులు చుట్టిన కాగితాలు, పండగయ్యాక ఎండిన క్రిస్మస్ చెట్టు కొమ్మలు ఫైర్‌ప్లేస్‌లో వేయొద్దు, భగ్గుమని లేచిన మంట పైకెళ్లి క్రియోసోట్‌ని అంటించేస్తుంది. గ్యాస్ ఫైర్‌ప్లేస్‌కి తనిఖీ అక్కర్లేదనుకోకండి, గొట్టానికి అడ్డంపడే పక్షి గూడుకి గ్యాసో కట్టెలో తెలియదు. ఇంకోటి, చుట్టాల కోసం వంటింట్లో పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే అది ఫ్లూలోంచి గాలిని కిందికి లాగుతుంది. గదిలోకి పొగ తన్నుకొస్తే ముందు ఆ ఫ్యాన్ ఆపి, ఒక కిటికీ తెరవండి.

చివరగా, తెల్లారేసరికి బూడిద చల్లారిపోతుందని చెత్తబుట్టలో వేసేవాళ్ల సంగతి. బూడిదే దుప్పటిలా కప్పి ఉంచుతుంది కాబట్టి లోపలి నిప్పు మూడు నాలుగు రోజులైనా బతికే ఉంటుంది. మూత ఉన్న ఇనుప బకెట్, ఇంటికి దూరంగా, చెక్క మెట్ల మీద కాకుండా నేల మీద. నేనీ పనిలో చేరిన మొదటి ఏడాది, అంతా తెలుసనుకుని, మా ఇంట్లో బూడిద ప్లాస్టిక్ బకెట్‌లో పోసి గుమ్మం పక్కన పెట్టాను. తెల్లారి చూస్తే బకెట్‌కి అడుగు లేదు, కింద చాప మీద అరచేయంత నల్లటి మచ్చ. ఆ బకెట్‌ని మా ఆవిడ ఇప్పటికీ పారేయనివ్వదు.